ముఖం గుండ్రబడిందా? అర్ధరాత్రి ఉమ్మి పరీక్ష గురించి

ఆసుపత్రికి వచ్చినవారిని రక్తం ఇమ్మంటే చెయ్యి చాపుతారు. మూత్రం ఇమ్మంటే డబ్బా అందుకుంటారు. ఉమ్మి ఇమ్మంటే మాత్రం ముఖం మారిపోతుంది. "టి.బి. అనుమానమా డాక్టరుగారూ?" అని గొంతు తగ్గించి అడుగుతారు. కాదు. టి.బి. పరీక్షకు కావలసింది ఊపిరితిత్తుల లోతు నుంచి దగ్గి తీసిన తెమడ. నోట్లో ఊరే పల్చని లాలాజలం దానికి పనికిరాదు. ఇప్పుడు చెప్పబోయే పరీక్షకు సరిగ్గా ఆ పల్చని లాలాజలమే కావాలి, తెమడ పనికిరాదు. అదీ పగలు తీసినది కాదు, రాత్రి 11, 12 గంటల మధ్య తీసినది.

ఉమ్మి అంటే మనకు ఏవగింపు. ఎంగిలి అంటాం, దూరం జరుగుతాం. ప్రభువు ఉమ్మితో బురద చేసి పుట్టు గుడ్డివాని కన్నులకు పూసిన సంగతి సండేస్కూలు పిల్లలందరికీ తెలుసు, అయినా ఆ ఏవగింపు పోలేదు. ల్యాబు వారికి అలాంటి పట్టింపులు లేవు. శరీరంలోని ఒక ముఖ్యమైన హార్మోను ఎంత ఉందో సూది గుచ్చకుండా చెప్పగల ద్రవం వారికది.

ఆ హార్మోను పేరు కార్టిసాల్. అది అవసరానికి మించి నెలల తరబడి ఒంట్లో ఉండిపోతే వచ్చే జబ్బును కుషింగ్స్ సిండ్రోమ్ అంటారు. ఒంట్లో దానంతట అదే పుట్టే ఈ జబ్బు చాలా అరుదు. ఏడాదికి పది లక్షల మందిలో ఇద్దరు ముగ్గురికి వస్తుందని అంచనా. అయితే ఆ జబ్బు ముఖం మాత్రం మన ఓ.పి.లో అరుదు కాదు. ఎందుకో కొంచెం ముందుకు పోయాక చెబుతాను.

ఒంట్లోని గడియారం

మన రెండు మూత్రపిండాల పైన చిన్న టోపీల్లా రెండు గ్రంథులుంటాయి. వాటిని అడ్రినల్ గ్రంథులంటారు. కార్టిసాల్ తయారయ్యేది అక్కడే. ఎంత తయారు చేయాలో ఆజ్ఞ ఇచ్చేది మెదడు కింద, ముక్కు వెనుక, శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి. అది ఎ.సి.టి.హెచ్. అనే మరో హార్మోనును రక్తంలోకి వదులుతుంది. అది అందగానే అడ్రినల్ గ్రంథి పని మొదలుపెడుతుంది. కార్టిసాల్ చాలినంత అయిందని తెలియగానే పిట్యూటరీ తగ్గిపోతుంది. ఇంటి పెద్ద కేకేస్తే పని మొదలవడం, చాలనగానే ఆగడం లాంటిదే.

కార్టిసాల్ చెడ్డ హార్మోను కాదు. అది లేకపోతే మనిషి బతకడు. జ్వరం వచ్చినా, ప్రమాదం జరిగినా, ఆపరేషన్ అయినా బీపీ పడిపోకుండా, రక్తంలో చక్కెర తగ్గిపోకుండా కాపాడేది అదే. రోజంతా ఒకే మోతాదులో కూడా ఉండదు. తెల్లవారుజామున కోడి కూసే వేళకు పెరగడం మొదలవుతుంది. నిద్ర లేచిన అరగంటకు బాగా ఎక్కువగా ఉంటుంది. మధ్యాహ్నానికి తగ్గుతూ, సాయంత్రానికి ఇంకా తగ్గి, మనం పడుకునే వేళకు అట్టడుగుకు చేరుతుంది. పగటి పనికి ఒంటిని లేపి నిలబెట్టే హార్మోను గదా, రాత్రి దానికి పనిలేదు.

కుషింగ్స్ జబ్బులో మొదట చెడేది ఈ రాత్రి విశ్రాంతే. పొద్దున పరీక్ష చేస్తే ఆరోగ్యవంతుడికీ కార్టిసాల్ ఎక్కువే ఉంటుంది, రోగికీ ఎక్కువే ఉంటుంది. తేడా పట్టుకోవడం కష్టం. అర్ధరాత్రి చూస్తే ఆరోగ్యవంతుడికి దాదాపు నిండుకుని ఉంటుంది, రోగికి తగ్గకుండా అలాగే ఉంటుంది. ఎవరైనా పొద్దున 8 గంటల కార్టిసాల్ ఒక్కటి చేయించుకుని, అది మామూలుగానే ఉంది కాబట్టి కుషింగ్స్ లేదని నిశ్చింతగా ఉంటే అది సరికాదు.

జబ్బు ఎలా కనబడుతుంది

అమెరికాలో హార్వే కుషింగ్ అనే మెదడు శస్త్రచికిత్స నిపుణుడు ఉండేవాడు. ఒక యువతికి ముఖం, పొట్ట ఉబ్బి, నెలసరి ఆగిపోయి, ఒంటి మీద ఊదారంగు చారలు పడటం చూసి 1912లో ఆ సంగతి రాశాడు. 1932లో అలాంటి రోగుల వివరాలు మరికొన్ని కలిపి, పిట్యూటరీలో పుట్టే చిన్న గడ్డ దీనికి కారణమని ప్రకటించాడు. అప్పటికి కార్టిసాల్ అనే పేరే లేదు. జబ్బుకు ఆయన పేరు మిగిలింది.

లక్షణాలు పుస్తకంలో చదివితే స్పష్టంగా ఉంటాయి. మనిషిలో చూస్తే కలిసిపోతాయి. నలభై ఏళ్ల ఇల్లాలు లావెక్కింది, బీపీ వచ్చింది, షుగరు వచ్చింది, నెలసరి తప్పుతోంది, నిద్ర పట్టడం లేదు, ఊరికే ఏడుపొస్తోంది. ఇందులో వింతేముంది? ప్రతి వీధిలో ఇలాంటివారు ఉంటారు. "థైరాయిడేమో" అంటారు ఒకరు. "ఒంటికి నీరు పట్టింది" అంటారు ఇంకొకరు. మరో పెద్దావిడ వచ్చి "ఇన్నాళ్లకు కాస్త ఒళ్ళు చేశావమ్మా, కళగా ఉన్నావు" అని మెచ్చుకుని పోతుంది. షుగరుకు ఒక డాక్టరు, బీపీకి ఒక డాక్టరు, మనసుకు ఒక డాక్టరు. అన్నిటినీ కలిపి చూసేవారు దొరకరు. 2020లో వెలువడిన ఒక పరిశీలనలో వివిధ దేశాల్లోని 5 వేల మందికి పైగా రోగుల లెక్కలు తీస్తే, లక్షణాలు మొదలైనప్పటి నుంచి జబ్బు పేరు తెలిసేందుకు సగటున 34 నెలలు పట్టింది. దాదాపు మూడేళ్లు. స్త్రీలకు ఈ జబ్బు పురుషులకన్నా సుమారు మూడు రెట్లు ఎక్కువ. కాబట్టి ఆ మూడేళ్లూ ఎక్కువగా మోస్తున్నది వారే.

మామూలు లావునుంచి దీన్ని విడదీసి చూపే గుర్తులు కొన్ని ఉన్నాయి. ముఖం పున్నమి చంద్రుడిలా గుండ్రమై ఎర్రబారుతుంది. మెడ వెనుక, భుజాల మధ్య కొవ్వు మూపురంలా పెరుగుతుంది. పొట్ట పెరుగుతుంది గాని కాళ్లూ చేతులూ సన్నబడతాయి. నేలమీద కూర్చున్నవారు చెయ్యి ఆనించకుండా లేవలేరు, మెట్లెక్కలేరు, పైనున్న డబ్బా అందుకోలేరు. తొడల్లో, భుజాల్లో కండ కరిగిపోవడమే దీనికి కారణం. చర్మం ఉల్లిపొరలా పల్చబడి, బస్సులో కడ్డీ గట్టిగా పట్టుకున్నా కమిలిపోతుంది. పొట్ట మీద, తొడల మీద, చంకల దగ్గర ఊదారంగు చారలు పడతాయి. కాన్పు తర్వాత మిగిలే తెల్లని సన్నని చారలు కావివి. ఒక్కొక్కటి సెంటీమీటరుకు మించిన వెడల్పుతో, ముదురు రంగులో ఉంటాయి. చిన్న వయసులోనే, పెద్ద దెబ్బేమీ తగలకుండానే వెన్నుపూస విరిగిందంటే అనుమానించాలి.

పిల్లల విషయం వేరుగా చెప్పాలి. మామూలుగా ఎక్కువ తిని లావయ్యే పిల్లలు పొడుగు కూడా బాగానే ఎదుగుతారు. కార్టిసాల్ ఎక్కువైన పిల్లలు లావవుతారు గాని పొడుగు ఆగిపోతుంది. కిందటేడు కుట్టించిన స్కూలు లాగు నడుము దగ్గర పట్టడం లేదు, పొడవు మాత్రం సరిగ్గానే ఉందంటే ఆ బిడ్డను డాక్టరుకు చూపించండి.

ఈ జబ్బు చూపుకు మాత్రమే సంబంధించినది కాదు. చికిత్స తెలియని రోజుల్లో రోగుల్లో సగం మంది అయిదేళ్లలోపే చనిపోయేవారు. గుండెపోటు, రక్తం గడ్డకట్టడం, అదుపులేని షుగరు, మామూలు మనిషి తట్టుకోగల ఇన్ఫెక్షన్లు కూడా తట్టుకోలేకపోవడం. అణగి ఉన్న టి.బి. తిరిగి లేవడం కూడా ఉంటుంది.

చిన్న తెల్ల బిళ్ళ

జబ్బు అరుదైనా దాని ముఖం అరుదు కాదన్నాను గదా. కారణం ఇది. మన దగ్గర గుండ్రబడిన ముఖాల్లో ఎక్కువ భాగం లోపలి గ్రంథుల వల్ల వచ్చినవి కావు. బయటినుంచి మింగిన, పొడిపించుకున్న, పూసుకున్న స్టెరాయిడ్ మందుల వల్ల వచ్చినవి. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ అనేవి కార్టిసాల్‌కు దగ్గరి చుట్టాలు. ఒంట్లో కార్టిసాల్ చేసే పనులే చేస్తాయి, ఇంకా బలంగా చేస్తాయి.

ఓ.పి.లో ఇలాంటి సంభాషణ తరచూ జరుగుతుంది.

"మోకాళ్ళ నొప్పులకు ఏమైనా మందులు వాడుతున్నారా అమ్మా?"

"ఏమీ లేదయ్యా. దేవుడి దయవల్ల నడుస్తున్నాను."

పక్కనున్న కోడలు ఊరుకోదు. "ఆ చిన్న బిళ్ళ సంగతి చెప్పరేం అత్తయ్యా?"

"అది మందేంటే. నొప్పిబిళ్ళ."

ఆ నొప్పిబిళ్ళ మూడేళ్లనుంచి రోజూ పడుతోంది. చీటీ లేదు, పేరు తెలియదు, కాగితంలో చుట్టి ఇస్తారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, ఆవిడ లెక్కలో అది మందు కాదు. ఆస్తమాకని ఇచ్చే పేరులేని పొడులు, ఒళ్ళు చేస్తుందని అమ్మే మాత్రలు, కొన్ని నాటుమందుల్లో రహస్యంగా కలిపేవి, తామరకు, ముఖం తెల్లబడటానికి నెలల తరబడి రుద్దే క్లోబెటసాల్, బీటామెథసోన్ క్రీములు, కీళ్లలో మళ్లీ మళ్లీ వేయించుకునే ఇంజక్షన్లు, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

ఈ మందుల మీద ద్వేషంతో చెప్పడం లేదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో మంచం పట్టిన రోగికి మొదటిసారి కార్టిసోన్ ఇచ్చినప్పుడు కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. ఆ పనికి 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. పిల్లల మూత్రపిండాల జబ్బులో, తీవ్రమైన ఆస్తమాలో, లూపస్‌లో, కుష్ఠు రియాక్షన్లలో నరాలు చచ్చుబడకుండా కాపాడటానికి మనమే స్టెరాయిడ్లు ఇస్తాం. 2020లో కోవిడ్ రోగుల్లో ఆక్సిజన్ అవసరమైనవారికి డెక్సామెథసోన్ ప్రాణం నిలిపిందని రుజువైంది. ఆ మరుసటి ఏడాదే అదే మందును అవసరం లేనివారు, షుగరు అదుపులో లేనివారు ఇష్టం వచ్చినట్టు వాడటం, బ్లాక్ ఫంగస్ విజృంభించడానికి ఒక కారణమైంది. మందు ఒకటే. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అన్నదే తేడా.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది చదివి భయపడి ఆ బిళ్ళ ఈ రాత్రే ఆపేయకండి. నెలల తరబడి బయటి స్టెరాయిడ్ అందుతుంటే పిట్యూటరీ కేకేయడం మానేస్తుంది, అడ్రినల్ గ్రంథి నిద్రపోతుంది. బిళ్ళ హఠాత్తుగా మానితే ఒంట్లో కార్టిసాల్ అనేదే ఉండదు. తీరని నీరసం, వాంతులు, కడుపునొప్పి, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం. మధ్యలో జ్వరమో విరేచనాలో తోడైతే ప్రాణానికే ముప్పు. అలాంటి స్థితిలో వెంటనే హైడ్రోకార్టిసోన్ ఇంజక్షన్, సెలైన్ పడాలి. డాక్టరు పర్యవేక్షణలో వారాలు, నెలలు పట్టి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావడమే దారి. గ్రంథి మేల్కొందో లేదో తెలుసుకోవడానికి అప్పుడు పొద్దున 8 గంటల రక్తపరీక్ష పనికొస్తుంది. ఆస్తమాకు ఇన్‌హేలర్ పీల్చేవారు కూడా దాన్ని ఆపకండి. దానిలో ఉండే స్టెరాయిడ్ మోతాదు మింగే మాత్రతో పోలిస్తే చాలా తక్కువ.

కాబట్టి ఉమ్మి పరీక్ష రాసే ముందు డాక్టరు పోలీసువాడిలా మందుల గురించి గుచ్చి గుచ్చి అడిగితే విసుక్కోకండి. బయటి స్టెరాయిడ్ వాడుతున్నవారికి ఈ పరీక్ష దారి తప్పిస్తుంది. ప్రెడ్నిసొలోన్‌ను కొన్ని ల్యాబు పద్ధతులు కార్టిసాల్ అనుకుని లెక్కపెడతాయి, లేని జబ్బు ఉన్నట్టు వస్తుంది. డెక్సామెథసోన్ అయితే ఒంట్లోని కార్టిసాల్‌నే అణిచేస్తుంది. అప్పుడు ముఖం చంద్రబింబంలా ఉంటుంది, కాగితం మీద అంకె మాత్రం అడుగున ఉంటుంది.

ఉమ్మి ఎందుకు

రక్తంలోని కార్టిసాల్‌లో నూటికి 90 పాళ్లకు పైగా ప్రొటీన్లకు అతుక్కుని తిరుగుతుంది. అతుక్కున్నది పని చేయదు. విడిగా ఉన్న ఆ కొద్దిపాటి భాగమే పని చేసేది. మామూలు రక్తపరీక్ష ఈ రెండిటినీ కలిపి లెక్కపెడుతుంది. గర్భం రాకుండా మాత్రలు వాడే స్త్రీలలో, గర్భిణులలో ఆ ప్రొటీను పెరుగుతుంది కాబట్టి రక్తంలో కార్టిసాల్ ఎక్కువగా కనబడుతుంది, జబ్బేమీ లేకపోయినా. లాలాజలంలోకి వచ్చేది విడిగా ఉన్న కార్టిసాల్ మాత్రమే. అది లాలాజల గ్రంథుల గోడల గుండా సులభంగా దాటి వస్తుంది. నోరు ఎక్కువ ఊరినా తక్కువ ఊరినా దాని గాఢత పెద్దగా మారదు.

రెండో సౌకర్యం అంతకన్నా పెద్దది. అర్ధరాత్రి రక్తం తీయాలంటే మనిషి వార్డులో చేరాలి. కొత్త చోటు, పక్క మంచం మీద మూలుగు, నిద్రలో సూది. ఆ కంగారుకే కార్టిసాల్ పెరుగుతుంది. ఉమ్మి అయితే ఇంట్లో, తన మంచం మీద కూర్చుని, ఎవరి సాయం లేకుండా తీసుకోవచ్చు. లాలాజలంలో కార్టిసాల్ మామూలు గది వేడిలో కూడా కొన్ని రోజులు చెడిపోదు కాబట్టి దూరపు ఊరినుంచి మరునాడు తెచ్చి ఇచ్చినా పరవాలేదు. ఈ విధంగా కుషింగ్స్ పట్టుకోవచ్చని 1990ల చివర్లో అమెరికా వైద్యులు గట్టిగా చూపించారు. 2008లో అక్కడి ఎండోక్రైన్ సొసైటీ తన మార్గదర్శకాల్లో మొదటి వరుస పరీక్షల్లో దీన్ని చేర్చింది. 2021 నాటి అంతర్జాతీయ నిపుణుల సూచనల్లోనూ దాని చోటు పదిలంగా ఉంది.

మొదటి వరుసలో ఇంకో రెండు పరీక్షలున్నాయి. ఒకటి 24 గంటల మూత్రం మొత్తం పట్టి అందులో కార్టిసాల్ కొలవడం. ఒక్కసారి మరచి బయట పోసినా లెక్క తప్పుతుంది, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి సరిగా రాదు. రెండోది రాత్రి 11, 12 గంటల మధ్య 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మింగి, పొద్దున 8, 9 గంటల మధ్య రక్తం ఇవ్వడం. ఆరోగ్యవంతుల్లో ఆ మాత్రకు కార్టిసాల్ అణగాలి. ఖర్చు తక్కువ, ఎక్కువ చోట్ల దొరుకుతుంది, చాలామందికి మొదట దీన్నే రాస్తాం. అయితే టి.బి.కి రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవారి ఒంట్లో ఆ మాత్ర త్వరగా కరిగిపోయి, జబ్బు లేకున్నా ఉన్నట్టు వస్తుంది. అలాంటివారికి ఉమ్మి పరీక్ష మేలు. గర్భిణులకూ అంతే.

ఎలా తీసుకోవాలి

ల్యాబులో మూతతో ఒక ప్లాస్టిక్ ట్యూబు, అందులో వేలెడంత దూది చుట్ట లాంటిది ఇస్తారు. రాత్రి మీరు రోజూ పడుకునే వేళకు, అంటే 11, 12 మధ్య, ఆ దూదిని చేత్తో తాకకుండా నోట్లోకి వంచుకోవాలి. ఒకటి రెండు నిమిషాలు మెల్లగా నములుతూ బుగ్గల్లో తిప్పాలి. బాగా నానిన తర్వాత తిరిగి ట్యూబులోకే ఉమ్మి, మూత బిగించాలి. మీ పేరు, తేదీ, సమయం రాయాలి. కొన్ని ల్యాబుల్లో దూది లేకుండా, నోట్లో ఊరినది తిన్నగా ట్యూబులోకి జారవిడవమంటారు. అదీ సరే. ఫ్రిజ్ ఉంటే అందులో పెట్టండి, లేకపోతే చల్లని చోట ఉంచి పొద్దున తెచ్చివ్వండి. ఒక్క రాత్రితో సరిపోదు. కార్టిసాల్ రోజుకో రకంగా ఉంటుంది గనుక కనీసం రెండు వేర్వేరు రాత్రులు తీయాలి.

చేత్తో తాకవద్దన్నది శుభ్రత కోసమే కాదు. గజ్జికో తామరకో హైడ్రోకార్టిసోన్ క్రీము రాసుకున్న వేలు ఆ దూదికి తగిలితే చాలు, అంకె ఆకాశానికి పోతుంది. ఇంట్లో పిల్లాడికి క్రీము రాసిన తల్లి చేతులైనా అంతే.

తీసే ముందు అరగంట ఏమీ తినవద్దు, తాగవద్దు, పళ్లు తోముకోవద్దు. చిగుళ్లు చిట్లి రక్తం కలిస్తే, రక్తంలో కార్టిసాల్ చాలా రెట్లు ఎక్కువ కాబట్టి పరీక్ష పాడవుతుంది. దూది గులాబీ రంగుకు మారితే అది పారేసి మరో రాత్రి తీయండి. చిగుళ్ల జబ్బు ఉంటే ముందే చెప్పండి.

చుట్ట, బీడీ, సిగరెట్ ఆ రోజు ముట్టకూడదు. పొగ తాగేవారి లాలాజలంలో కార్టిసాల్ ఎక్కువగా వస్తుంది. ఖైనీ, గుట్కా, జర్దా నమిలేవారూ మానాలి. అతిమధురం విషయం చాలామందికి తెలియదు. మన లాలాజల గ్రంథిలో కార్టిసాల్‌ను నిర్వీర్యం చేసే ఎంజైము ఒకటుంది. అతిమధురం ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. అందుకని దగ్గు వస్తోందని అతిమధురం ముక్క బుగ్గన పెట్టుకున్నా, అది కలిసిన గొంతు బిళ్ళలు చప్పరించినా, నోటితో నమిలే కొన్ని రకాల పొగాకులో అది కలిసినా, ఉమ్మిలో అంకె పెరుగుతుంది. కొద్ది రోజుల ముందునుంచే దానికి దూరంగా ఉండాలి.

ఇక రాత్రి సంగతి. ఈ పరీక్ష మీ నిద్ర గడియారాన్ని నమ్ముకున్నది. నైట్ డ్యూటీ చేసే మన సిస్టర్లకు, వాచ్‌మన్లకు, రాత్రి లారీ నడిపేవారికి ఆ గడియారం తారుమారై ఉంటుంది కాబట్టి వేరే పరీక్ష రాస్తాం. సంపూర్ణ రాత్రి ప్రార్థన ఉన్న నాడు తీయకండి. క్రిస్మస్ ముందు కేరల్స్‌కు ఊరంతా తిరిగి వచ్చిన రాత్రి తీయకండి. ఇంట్లో చావు, పెళ్లి, పెద్ద గొడవ జరిగిన రోజూ వద్దు. మామూలుగా భోంచేసి, మామూలుగా కుటుంబ ప్రార్థన చేసుకుని, మామూలుగా పడుకోబోయే రాత్రి కావాలి. అలాంటి రాత్రి రావడానికి వారం ఆగాల్సి వచ్చినా నష్టం లేదు.

అంకె చూసి నిర్ణయించుకోవద్దు

ఒక ల్యాబు హద్దు ఇంకో ల్యాబుకు వర్తించదు. కొలిచే పద్ధతిని బట్టి అంకెలు మారతాయి. అందుకని హైదరాబాదులో చేయించుకున్నదాన్ని వెల్లూరులో చేయించుకున్నదానితో పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అనుకోవద్దు. తీవ్రమైన డిప్రెషన్, మద్యం అలవాటు, అదుపులేని షుగరు, వేరే జబ్బుతో ఆసుపత్రిలో ఉండటం, వీటిలో కూడా రాత్రి కార్టిసాల్ కాస్త పెరుగుతుంది. ఒక పరీక్ష ఎక్కువ వస్తే మరో రకం పరీక్షతో సరిచూసుకోవాలి. రెండూ ఒకే మాట చెబితేనే ముందుకు పోతాం.

లావుగా ఉన్న ప్రతివారికీ ఈ పరీక్ష చేయించాలని నేను అనను. నూటికి 99 మందికి పైగా అది డబ్బు దండగ. పైగా జబ్బు లేనివారి దగ్గర ఇలాంటి పరీక్ష చేస్తే తప్పుడు భయాలే ఎక్కువ పుడతాయి. మరో వ్యాపారం కూడా ఉంది. రోజుకు నాలుగు ఉమ్ములు తీసి "మీ అడ్రినల్ గ్రంథులు అలసిపోయాయి" అని చెప్పి పొడులు, మాత్రలు అమ్మే ప్యాకేజీలు. అడ్రినల్ అలసట అనే జబ్బును హార్మోన్ల వైద్యులు గుర్తించలేదు. గ్రంథి నిజంగా పనిచేయకపోతే దానికి వేరే పేరుంది, వేరే పరీక్షలున్నాయి, అది చాలా తీవ్రమైన జబ్బు. ఆ ప్యాకేజీలకు పెట్టే డబ్బు మీ ఇంట్లో పెద్దవాళ్ల బీపీ మాత్రలకు పెట్టండి.

జబ్బు తేలితే

కార్టిసాల్ ఎక్కువన్నది రూఢి అయ్యాక, అది ఎక్కడినుంచి వస్తోందో వెతుకుతారు. రక్తంలో ఎ.సి.టి.హెచ్. చూస్తారు. అది బాగా తక్కువగా ఉంటే తప్పు అడ్రినల్ గ్రంథిలో ఉన్నట్టు. పొట్టకు సి.టి. స్కాన్ తీస్తారు. ఎ.సి.టి.హెచ్. తగ్గకుండా ఉంటే ఎక్కువగా పిట్యూటరీలో గడ్డ ఉంటుంది. ఒంట్లో పుట్టే కుషింగ్స్‌లో పదిమందిలో ఏడుగురికి కారణం అదే. మెదడుకు ఎం.ఆర్.ఐ. తీస్తారు. కొన్ని గడ్డలు ఆవగింజంత ఉంటాయి, స్కాన్‌లో కనబడవు. ఎప్పుడైనా ఊపిరితిత్తుల్లోనో మరోచోటనో ఉన్న చిన్న గడ్డ ఎ.సి.టి.హెచ్. వదులుతూ ఉండవచ్చు. ఈ వెతుకులాట చిన్న ఆసుపత్రుల్లో అయ్యేది కాదు. హైదరాబాదులో నిమ్స్, ఉస్మానియా, విశాఖలో ఆంధ్రా మెడికల్ కాలేజీ, తిరుపతిలో స్విమ్స్, వెల్లూరులో సి.ఎం.సి. లాంటి చోట్ల హార్మోన్ల విభాగాలున్నాయి. పంపమని అడగడానికి మొహమాటపడకండి. ఉమ్మి పరీక్ష కూడా ప్రతి ల్యాబులో ఉండదు, ఎక్కడికి పంపాలో డాక్టరును అడగండి.

పిట్యూటరీ గడ్డను తల కోయకుండా ముక్కు గుండా తీస్తారు. అలవాటైన సర్జన్ చేతిలో చిన్న గడ్డలైతే నూటికి 80 మంది దాకా కుదుటపడతారు. అడ్రినల్‌లోని మామూలు గడ్డనైతే చిన్న రంధ్రాల గుండా తీసేస్తారు, జబ్బు పోతుంది. ముఖం నెమ్మదిగా పాతరూపుకు వస్తుంది, బీపీ, షుగరు చాలామందిలో తగ్గుతాయి. అయితే ఆపరేషన్ తర్వాత మొదటి నెలలు తేలికగా గడవవు. ఇన్నాళ్లూ అణగి ఉన్న మంచి గ్రంథి వెంటనే లేవదు. ఒళ్లునొప్పులు, నీరసం, "ఆపరేషన్ చేయించుకుని ఇంకా దిగజారానేమో" అన్న దిగులు. ఆ గ్రంథి లేచేదాకా హైడ్రోకార్టిసోన్ మాత్రలు వాడాలి. జ్వరం వస్తే ఎంత పెంచాలో ఇంట్లోవారికి కూడా తెలిసి ఉండాలి. స్టెరాయిడ్ మీద ఉన్నామని రాసిన చీటీ పర్సులో పెట్టుకుని తిరగాలి, రోడ్డు మీద పడిపోతే తెలియనివారికి అదే ఆధారం.

జబ్బు కొందరిలో ఏళ్ల తర్వాత తిరగబెడుతుంది. అది ముందుగా తెలిసేదీ తరచూ ఈ ఉమ్మి పరీక్షలోనే, మూత్రంలో కార్టిసాల్ ఇంకా మామూలుగా ఉన్నప్పుడే. అందుకే కుదుటపడ్డవారిని కూడా ఏటా ఒకసారి ట్యూబు ఇచ్చి పంపుతారు.

ఈ వ్యాసం చదివి ఎవరైనా పరీక్షకు రావాలనుకుంటే వచ్చేటప్పుడు ఇంట్లోని మందుల సంచి మొత్తం తెండి. కాగితంలో చుట్టిన బిళ్ళలు, పేరు చెరిగిపోయిన క్రీము ట్యూబు, చుట్టాలు ఇచ్చిన పొడి, పిల్లల తామరకు కొన్నది, అన్నీ. ఆయా పేర్లు చెప్పలేకపోయినా పరవాలేదు, బల్లమీద పోయండి, మేము ఏరుకుంటాం.